ఆ క్యాప్‌ను మళ్లీ కాల్చమనవద్దు

మిత్రమా,

ముందుపంటి క్యాప్‌ను షేడ్ కోసం, అంటే పక్కపళ్ల రంగుతో కలవడం కోసం, ఇంకొకసారి ఫర్నేస్‌లో కాల్చడానికి మీ ల్యాబ్ టెక్నీషియన్ ఒప్పుకోలేదని, అది మొండితనమేమోనని రాశావు. నా దృష్టిలో ఆయన చెప్పిందే సరి. కారణం కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

లోహం మీద పింగాణీ పూసిన క్యాప్ మామూలుగానే చాలాసార్లు ఫర్నేస్‌కు వెళ్తుంది. ముందు లోహాన్ని కప్పే ఓపేక్ పొర, తరువాత పంటి లోపలి, పై భాగాలను పోలిన డెంటిన్, ఎనామెల్ పొరలు, చివర మెరుపునిచ్చే గ్లేజ్. పింగాణీ పొడి కాలేటప్పుడు ఘనపరిమాణంలో సుమారు మూడో వంతు కుంచించుకుపోతుంది కనుక, ఆ లోటు పూడ్చి మళ్లీ కాల్చక తప్పదు. ఆ మాత్రం కాల్పులను తట్టుకునేలాగే పొడిని తయారుచేస్తారు. చిక్కంతా ఆపైన మనం అడిగే అదనపు కాల్పులతోనే వస్తుంది.

అసలు కీలకం పింగాణీ గాజులో కలిసి ఉండే ల్యూసైట్ అనే స్ఫటికంలో ఉంది. ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజంతో చేసిన వట్టి గాజు వేడికి ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు పది లక్షల్లో సుమారు 8 భాగాలే వ్యాకోచిస్తుంది, లోహమేమో 14 దరిదాపుల్లో ఉంటుంది, ల్యూసైట్ 20 దాటుతుంది. గాజునూ ల్యూసైట్‌నూ తగిన పాళ్లలో ఉంచి పింగాణీ వ్యాకోచాన్ని లోహానికి కాస్త దిగువన నిలబెట్టడం 1962 నాటి వైన్‌స్టీన్ పేటెంట్ల ఘనత. నాకు దంతవైద్యంలో అంతకన్నా అందమైన ఆలోచన కనిపించదు. చల్లారేటప్పుడు లోహం కొద్దిగా ఎక్కువ ముడుచుకొని పింగాణీని నొక్కిపెడుతుంది. పింగాణీ నొక్కుడును బాగా భరిస్తుంది కానీ లాగుడును భరించలేదు.

పదేపదే కాల్చినా, నెమ్మదిగా చల్లార్చినా ఆ ల్యూసైట్ మోతాదు మారవచ్చు. కొన్ని రకాల పింగాణీలో అది పెరుగుతుంది, కొన్నింటిలో తగ్గుతుంది. పెరిగితే పింగాణీయే లోహం కన్నా ఎక్కువ ముడుచుకొని లాగుడుకు గురవుతుంది, తగ్గితే లోహంతో తేడా మరీ ఎక్కువై అతుకు దగ్గర ఒత్తిడి హద్దు మీరుతుంది. ఎటు మారినా, పగులు ల్యాబ్‌లో కనిపించకుండా పేషెంటు నోట్లో బయటపడే ప్రమాదం ఉంది.

నీవు వాడేది నికెల్-క్రోమియం మిశ్రమలోహం కాబట్టి ఇంకో సంగతి కూడా ఉంది. ప్రతి కాల్పుకూ దాని ఆక్సైడ్ పొర మందమెక్కుతుంది. పలుచగా ఉన్నంతకాలం పింగాణీని లోహానికి అతికించే ఆ పొరే, మందమయ్యాక తనతోపాటు పింగాణీని ఊడదీస్తుంది.

ఇక పైకి కనిపించే నష్టం నీకూ తెలిసిందే. కొరికే అంచు గుండ్రబడుతుంది, చెక్కిన సన్నని గీతలు మాసిపోతాయి, గాజుభాగం స్ఫటికీకరించి మబ్బు పట్టిన పింగాణీకి గ్లేజ్ కూడా సరిగా ఎక్కదు. రంగునిచ్చే ఆక్సైడ్లలో కొన్ని వేడికి నిలవవు కనుక, షేడ్ కోసం చేసే కాల్పే షేడ్‌ను ఇంకా దూరం చేయవచ్చు.

అందువల్ల కొత్త క్యాప్ చేయించు. పన్ను ఆరితే తెల్లబడుతుంది కాబట్టి, ఇకపై అరగదీయకముందే పగటి వెలుతురులో షేడ్ చూడు. ఏ2, ఏ3 అనే షేడ్ల మధ్య అనుమానం ఉంటే షేడ్ ట్యాబ్‌ను, అంటే రంగు నమూనా బిళ్లను, పంటి పక్కన పెట్టి ఫొటో తీసి పంపు. గ్లేజ్‌కు ముందు బిస్క్ ట్రయల్ చూసి, అంటే గ్లేజ్ వేయని క్యాప్‌ను నోట్లో పెట్టి చూసి, ఆకారమైనా రంగైనా దిద్దుబాట్లన్నీ ఒకేసారి రాసి పంపు.

నీ మిత్రుడు