నేల కింద గుండె చప్పుడు

సంపాదకులకు నమస్కారం.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, మీ పేపరు మాకు అటు నుంచే వస్తుంది.

పోయిన నెల మా మేనల్లుడు విశాఖ నుంచి ఒక కథల పుస్తకం తెచ్చాడు. భయం, మాయ కలగలిసిన చిన్న కథలు, అన్నీ తెలుగు అనువాదాలే. రెండు రోజుల్లో అయిపోతుందనుకున్నాను గానీ రాత్రికి ఒకటి మించి చదవలేకపోయాను. అందులో అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో కథ ఒకటుంది, 1843లో అచ్చయింది. ముసలాయన్ని చంపి నేల పలకల కింద దాచినవాడికి ఆ గుండె చప్పుడు వినబడుతూనే ఉంటుంది, ఎదురుగా పోలీసులేమో కూర్చుని మామూలుగా కబుర్లు చెప్పుకుంటుంటారు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మా ఇంట్లో కరెంటు పోయింది. గోడ గడియారం టిక్కు టిక్కుమనడం తప్ప ఇంకో చప్పుడు లేదు. సెల్‌ఫోన్ లైటు వేసుకుని కథ పూర్తిచేసేదాకా ఊపిరాడలేదు. దెయ్యమే రాని కథ అది! మన భేతాళ కథల్లోనూ అంతే, శ్మశానం, భుజం మీద శవం ఎంత భయపెట్టినా చివరికి మిగిలేది న్యాయం గురించిన ప్రశ్నే.

మా పాప చదివేది ఒడియా మీడియం. తెలుగు పాఠం అంటే పారిపోయే పిల్ల, తర్వాత ఏమైందోనని కూడబలుక్కుంటూ మూడు పేజీలు తనే చదివింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆదివారం అనుబంధంలో వారానికొక్క ఇలాంటి కథ వేయండి, కొత్తవాళ్లు రాసినదైనా సరే. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉంటే మా పిల్లలకు ఇంకా మంచిది.

– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా