కిట్సునే దెయ్యం కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం పిల్లల పేజీలో జపాన్ నక్క మీద వ్యాసం వేసి, పైన పెద్దక్షరాల్లో ‘మనిషి వేషంలో తిరిగే దెయ్యం’ అని పెట్టారు. మా మనవరాలు ఆ రాత్రి లైటు ఆర్పనివ్వలేదు, అది వేరే సంగతి. అసలు ఆ మాటే తప్పు. చచ్చినవాళ్లు తిరిగొస్తే వాళ్లని జపాన్‌లో యూరేయి అంటారు. కిట్సునే బతికున్న నక్కే, వయసు మీద పడేకొద్దీ విద్య అబ్బుతుంది, తోకలు పెరుగుతాయి, తొమ్మిది దాకా. కామరూపి అని మనకి ఇంత మంచి మాట ఉండగా దెయ్యం ఎందుకండీ?

రాజుల్ని ముంచిన మాయనక్కల కథలు లేవని కాదు. కానీ ఇనారి అంటే వరి పంటకి దేవత, నక్క ఆ దేవత దూత, క్యోటోలోని ఫుషిమి ఇనారి గుడికి వెళ్తే మెడలో ఎర్రగుడ్డ కట్టిన రాతి నక్కలే కనిపిస్తాయి. కుజునోహ అనే నక్క కథ అయితే మరీ. తన ప్రాణం కాపాడినవాణ్ని ఆడమనిషై పెళ్లాడింది, కొడుకుని కంది, ఒకరోజు చామంతులు చూస్తూ ఒళ్లు మరిచిపోతే తోక బయటపడిపోయింది, పిల్లాడు చూసేశాడు. ఇక ఉండలేక, నన్ను చూడాలనుంటే షినోదా అడవికి రండని పద్యం రాసిపెట్టి వెళ్లిపోయింది. ఆ పిల్లాడే అబే నో సేమేయి అని చెప్పుకుంటారు, ఆయన 10వ శతాబ్దంలో నిజంగా ఉన్న జ్యోతిష్కుడు. ఇందులో దెయ్యం ఎక్కడుంది?

ఇంకోటి, జపాన్ కథల్లో నక్కలాగే వేషాలు మార్చే తనుకి అనే జంతువుని మీరు పిల్లిజాతి అన్నారు. కాదు, కుక్కల కుటుంబమే. కథల్లో అది నెత్తిన ఆకు పెట్టుకుని రూపం మారుస్తుంది, ఆకుల్నే డబ్బుగా చూపించి సారా కొంటుంది, షాపువాడు తర్వాత చూసుకుంటే గల్లాపెట్టెలో ఎండుటాకులు! మా సంతలో ఇలాంటోళ్లని చాలామందిని చూశాను లెండి.

మొన్న కళ్లంలో ధాన్యం ఆరబోసి ఉండగా, ఎండ కాస్తూనే చినుకులు పడ్డాయి. నేను టార్పాలిన్ కోసం పరిగెడుతుంటే మా మనవరాలు గంతులేస్తూ ‘ఎండా వానా, కుక్కకీ నక్కకీ పెళ్లి’ అని అరిచింది. మా మామ్మ నేర్పిన మాటే అది. జపాన్‌లోనూ ఇలాంటి వానని నక్క పెళ్లి అనే అంటారని చెప్పాను. “మరి అక్కడ కుక్క రాదా, తాతా?” అంది. అక్కడి కథల్లో వేషం వేసిన నక్కని పసిగట్టేది కుక్కేనని, దానికి పిలుపు ఉండదని చెప్పాను. ఆ రాత్రి లైటు తనే ఆర్పింది.

సవరణ వేస్తే తనుకి బొమ్మ కూడా వేయండి, నెత్తిన ఆకుతో.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా