రఘుకి, మైనస్ ఒకటి సంగతి

హైదరాబాద్, ఆదివారం

ఒరేయ్ రఘూ,

జవాబు ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, పాపని కొత్త స్కూల్లో చేర్చాం, మిగతావి ఫోన్లో. మీ వరంగల్ ఆఫీసుకి కొత్త లోన్ సాఫ్ట్‌వేర్ వస్తోందని, రూల్స్ రాసే పని నీ మీదే పెట్టారని రాశావు చూడు, అది చదివినప్పటి నుంచి ఒక్క విషయం నీ చెవిన వేసేదాకా మనసు ఆగడం లేదు.

ఈమధ్య ఇక్కడొక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీకి బాచుపల్లి ఫ్లాట్ మీద ఒక ఫైలు వచ్చింది. భర్త సిబిల్ స్కోరు (పాత అప్పులు ఎలా కట్టాడో చెప్పే మార్కులు) 781. బండి లోను ఒక్క వాయిదా తప్పకుండా కట్టేశాడు. భార్య కో-అప్లికెంట్, అంటే కలిసి అప్పు అడుగుతున్న మనిషి. ఆవిడ ఇంతవరకు ఎక్కడా అప్పు తీసుకోలేదు, క్రెడిట్ కార్డు కూడా లేదు. ఫైలు లాగిన్ అయిందో లేదో సిస్టమ్ రిజెక్ట్ కొట్టేసింది, ఫోన్‌కి మెసేజ్ కూడా వెళ్ళిపోయింది. బ్రాంచికి వెళ్ళి అడిగితే "మేడమ్ గారి సిబిల్ బాగోలేదు సార్" అన్నారట. ఎవరికీ రూపాయి బాకీ లేని మనిషిని పట్టుకుని ఆ మాట! వినగానే ఒళ్ళు మండిపోయింది రా నాకు.

జరిగింది ఇది. సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది కదా. అసలు అప్పు చరిత్రే లేని వాళ్ళకి బ్యూరో (అందరి అప్పుల లెక్కలు ఉంచే సంస్థ) నుంచి -1 వస్తుంది. అది స్కోరు కాదు, "ఈ మనిషి గురించి నా దగ్గర ఏమీ లేదు" అని చెప్పే గుర్తు. కానీ సాఫ్ట్‌వేర్‌కి అదొక అంకె. "అప్లికెంట్లందరిలో తక్కువ స్కోరు తీసుకో, 700 లోపుంటే రిజెక్ట్" అని రూలు. 781, -1లలో తక్కువది -1. అంతే! సగటు తీసుకునే రూలైతే ఇంకా ఘోరం, 390 వస్తుంది. చూడ్డానికి నిజం స్కోరులాగే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు.

మన ఎర్రపెన్ను సారు గుర్తున్నారా? రాయని ప్రశ్నకి సున్నా వేసేవారు కాదు, "రాయలేదు" అని రాసేవారు. ఆ పేపరు పట్టుకుని "నాకు సున్నా రాలేదురా" అని హాస్టల్ మెట్ల మీద నువ్విచ్చిన ఉపన్యాసం! నీ రూల్ షీట్‌లో ఆయన పద్ధతే పెట్టు. స్కోరు గడిలోకి మూడు రకాలు వస్తాయి, మూడింటికీ మూడు దారులు ఉండాలి. మొదట చూడాల్సింది గడి ఖాళీగా ఉందా అని. బ్యూరో సర్వర్ పలకనప్పుడు ఖాళీగా వస్తుంది. అప్పుడు కస్టమర్‌కి ఏ మెసేజూ పోకూడదు. కాసేపాగి మళ్ళీ అడగాలి, రెండుమూడు సార్లకీ రాకపోతే ఆపరేషన్స్ వాళ్ళ క్యూలో పడాలి. తర్వాత -1 ఉందా అని. ఉంటే నేరుగా క్రెడిట్ మేనేజర్ దగ్గరికి. ఆయన ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఫారం 16 (ఆఫీసు ఇచ్చే జీతం, పన్ను కాగితం), జీతం పడే తీరు చూసి తేలుస్తాడు. ఈ రెండూ దాటాక, 300-900 మధ్య ఉంటేనే 700తో పోల్చాలి. తక్కువ స్కోరు ఎంచడం కూడా 300 పైనున్న వాళ్ళలోంచే. వరస తప్పితే మొత్తం పోయినట్టే. ఒక రూలు తగిలాక కిందవి ఆగాలని కూడా టిక్ పెట్టాలి, లేకపోతే క్రెడిట్ మేనేజర్‌కి పంపిన ఫైలునే కింది రూలు మళ్ళీ రిజెక్ట్ చేస్తుంది.

ఖాళీ గడి గురించి ఇంకొకటి. కొన్ని సిస్టమ్‌లు ఖాళీని సున్నాగా లెక్కేస్తాయి, ఫైలు రిజెక్ట్ అవుతుంది. కొన్నింటిలో ఖాళీని దేనితో పోల్చినా అవుననీ రాదు, కాదనీ రాదు. ఏ రూలూ తగలక ఫైలు ఎవరి క్యూలోనూ లేకుండా ఉండిపోతుంది. అందుకే అట్టడుగున "పైవేవీ కాకపోతే ఒక మనిషికి పంపు" అనే రూలు తప్పకుండా పెట్టు.

ఇది మన మంచితనం మాత్రమే కాదు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అప్పు అడిగేవాళ్ళని తిప్పి పంపొద్దని ఆర్‌బీఐ 2025 జనవరి 6 నాటి మాస్టర్ డైరెక్షన్‌లోనే చెప్పింది. మీ మేనేజర్ "700 అంటే 700" అని పట్టుబడితే అది చూపించు. రిజెక్ట్ మెసేజ్‌ని మాత్రం సిస్టమ్ చేతికి ఇవ్వకు. అది "రిజెక్ట్ చేయవచ్చు" అని గుర్తు పెట్టేదాకా చాలు, ఒక మనిషి చూసి నొక్కాకే మెసేజ్ వెళ్ళాలి.

ఇప్పటికే సాఫ్ట్‌వేర్ నడుస్తున్న బ్రాంచీలుంటే, ఎవరో ఒకరి స్కోరు 300 లోపుండి రిజెక్ట్ అయిన ఫైళ్ళన్నీ రిపోర్టు తీయించు. వాళ్ళకి ఫోన్ చేసి పిలవాలి రా, చాలామందికి తమ తప్పేంటో కూడా తెలిసి ఉండదు...

సరే, ఇంకోటి. బ్యూరో పుల్, అంటే బ్యూరోని స్కోరు అడగడం, మొట్టమొదటే పెట్టొద్దు. పాన్ సరిపోయిందా, వయసు, పిన్‌కోడ్ మీ పరిధిలో ఉందా, ఇలా ఖర్చు లేనివి ముందు. ఎలాగూ కుదరని ఫైలుకి బ్యూరోని అడిగితే మీకు డబ్బు దండగ, ఆ మనిషి రిపోర్టులో ఒక ఎన్‌క్వైరీ (అప్పు కోసం అడిగినట్టు గుర్తు) అనవసరంగా పడుతుంది.

ఎల్‌టీవీ రూలు, అంటే ఇంటి విలువలో ఎంత శాతం దాకా అప్పు ఇవ్వొచ్చన్నది, తొందరగా చెప్తాను. 30 లక్షల దాకా 90 శాతం, ఆ పైన 75 లక్షల దాకా 80, అది దాటితే 75. ఈ శ్లాబులు అప్పు మొత్తానివి, ఇంటి విలువవి కావు. 35 లక్షల ఫ్లాటుకి 90 శాతం 31.5 లక్షలు, 30 దాటింది కదా అని సిస్టమ్ 80 శాతానికి దిగి 28 లక్షలే చూపిస్తుంది. నిజానికి 30 లక్షలు ఇవ్వొచ్చు, అది 86 శాతం లోపే. టెస్టింగ్‌లో 30,00,000, 30,00,001 రెండూ కొట్టి చూడు. స్కోరుకి 699, 700, -1, ఖాళీ. నలుగురు కో-అప్లికెంట్లున్న ఫైలు కూడా ఒకటి.

రూలు మార్చినప్పుడు పాత ఫైళ్ళకి పాత రూలే నడవాలా కొత్తదా అన్నది ముందే రాయించుకో, లేకపోతే శాంక్షన్ అయిన ఫైలు కూడా వెనక్కి... అది పెద్ద కథ. స్టేటస్ మారితే గడి మార్చే రూలు, ఆ గడి మారితే స్టేటస్ మార్చే రూలు రెండూ కలిసి గిరగిరా తిరిగే సంగతి అయితే ఇంకా మొదలే పెట్టలేదు. అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, కింద ఆటో వచ్చేసింది. రూల్ షీట్ ఎక్సెల్‌లో పంపు, స్కోరు వరసలు నేనే చూస్తాను. బుధవారం లోపు పంపరా

నీ
శీను