ఖాళీ డ్రమ్ము మీది లేబుల్ ఎప్పుడు తీయాలి?

సంపాదకుడు గారికి,

వేసవి వస్తే జీడిమెట్ల, పటాన్‌చెరు చుట్టుపక్కల రోడ్ల వెంట నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు బారులు తీరి ఉంటాయి. నీళ్లు నిల్వ చేసుకోవడానికని జనం బేరమాడి కొనుక్కెళ్తారు. కొన్నిటి మీద లేబుల్ గీకేసిన ఆనవాలు స్పష్టంగా తెలుస్తుంది: చాకు గీతలు, జిగురుకు అంటుకున్న దుమ్ము, ఒక మూల మిగిలిపోయిన ఎర్ర డైమండ్ (ప్రమాదాన్ని సూచించే గుర్తు) ముక్క. అంతకుముందు అందులో ఏముండేదో చెప్పే ఆధారం ఆ లేబుల్ ఒక్కటే. దాన్ని గీకేసి, అడుగున మిగిలిన రసాయనాన్ని మాత్రం అలాగే ఉంచి అమ్మడం చాలా అన్యాయం.

సరుకు గానీ దాని ఆవిరి గానీ లోపల ఉన్నంతసేపూ లేబుల్ ఉండాల్సిందే. పూర్తిగా కడిగి శుభ్రం చేశాకే తీయాలి, అప్పుడు తీసి తీరాలి. 'ఖాళీదే కదా' అనుకోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. రంగుల్లో, జిగురుల్లో వాడే ద్రావకం టోలీన్ 4 డిగ్రీల దగ్గరే మండే ఆవిరి వదులుతుంది. కాస్త టోలీన్ మిగిలిన ఇనుప డ్రమ్ముకు పాత సామాన్ల కొట్లో గ్యాస్ కటింగ్ పెడితే బాంబులా పేలుతుంది. లేబుల్ లేకపోతే ఆ కటింగ్ చేసే కుర్రాడికి ఏం తెలుస్తుంది?

ట్యాంకర్ల దగ్గర జరిగేది ఇంకో రకం తప్పు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 134వ నిబంధన ప్రకారం బండికి రెండు పక్కలా, వెనకా సరుకు పేరు, 100 మిల్లీమీటర్ల ఎత్తున యుఎన్ నంబరు (ప్రమాదకర సరుకును గుర్తించే అంతర్జాతీయ సంఖ్య), 250 మిల్లీమీటర్ల డైమండ్, అత్యవసర ఫోన్ నంబరు ఉండాలి. అవి శుభ్రంగా, ఏ అడ్డూ లేకుండా కనిపించాలి. కానీ పాత ట్రిప్పు బోర్డు మార్చకుండానే కొత్త లోడు ఎత్తితే? 1294 అంటే టోలీన్, 1830 అంటే సల్ఫ్యూరిక్ యాసిడ్. బండి బోల్తా పడితే ఫైర్ సిబ్బంది దూరం నుంచి చదవగలిగేది ఆ నంబరునే. లోపల యాసిడ్ ఉందని తెలియక నీళ్లు కొడితే, గాఢ యాసిడ్‌లో అవి పడగానే సలసల మరిగి మనుషుల మీదికి చిమ్ముతుంది.

రసాయనాలు అంటిన ఖాళీ డ్రమ్ములు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల జాబితాలోనే ఉన్నాయి. కాబట్టి ఏ ఫ్యాక్టరీ గేటు దాటి అవి రోడ్డు మీదికి వస్తున్నాయో కాలుష్య నియంత్రణ మండలి ఆరా తీయాలి. లోడింగ్ దగ్గర ఇన్‌వాయిస్‌తో బోర్డు సరిపోలితేనే ట్యాంకరుకు గేట్‌పాస్ ఇవ్వాలి. కొనేవాళ్లకు నా మనవి ఒక్కటే: గీకిన మచ్చ ఉన్న డ్రమ్ము ఎంత చవకైనా తాగే నీళ్లకు వాడకండి.

— ఒక పాఠకుడు, జీడిమెట్ల