హెచ్‌ఎం క్లాసుకు వస్తే...

సార్లకు, మేడమ్‌లకు నమస్తే. మొన్న కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల బడుల టీచర్ల సమావేశం) హెచ్‌ఎంలు క్లాసులు చూడటం గురించిన మాట సగంలోనే ఆగింది, అందుకే రాస్తున్నా. ‘క్లాసులు చూస్తూనే ఉన్నాం’ అని హెచ్‌ఎంలు అంటారు. ‘సంతకం పెట్టి పోతారు’ అని మనమంటాం. ఈ తేడా ఒక్క పాలమూరుదే కాదు. బోధన విషయంలో ప్రిన్సిపాల్ పనితీరును కొలిచేందుకు విద్యా పరిశోధకుడు ఫిలిప్ హాలింగర్ 1980ల్లో తయారుచేసిన ప్రశ్నావళిని ప్రిన్సిపాల్‌కు, టీచర్లకు విడివిడిగా ఇస్తారు. టీచర్లు వేసేదానికన్నా ప్రిన్సిపాళ్లు తమకు తాము ఎక్కువ మార్కులు వేసుకోవడం మామూలే. (మన పిల్లలూ అంతేగా!)

పాపం, హెచ్‌ఎంలకు మధ్యాహ్న భోజనం, యూడైస్ (బడి లెక్కల ఆన్‌లైన్ నమోదు) వివరాలతోనే పూట గడుస్తుంది. నాకైతే తనిఖీ వద్దు. తొలిమెట్టు (ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే కార్యక్రమం) పీరియడ్‌లో కూడబలుక్కుని చదివే నలుగురి పక్కన పది నిమిషాలు కూర్చుని, తర్వాత నాతో మాట్లాడితే చాలు. వచ్చే మీటింగ్‌కు తలా ఒక అనుభవం రాసుకుని రండి, హెచ్‌ఎంలు కూడా.