మొదటి కెమెరా కోసం మన ఊరి స్టూడియో బీరువాలో కూడా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీరు కొత్తగా కెమెరా కొనేవాళ్ల కోసం ఒక పేజీ వేశారు కదా, యాభై వేల లోపు ఏవి, లక్ష లోపు ఏవి అని బొమ్మలతో సహా. మా స్టాఫ్ రూంలో ఆ పేపరు మధ్యాహ్నం దాకా చేతులు మారుతూనే ఉంది. సాయంత్రం నా పాత స్టూడెంట్ ఒకడు అదే పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి, మేడమ్ ఇందులో ఏది తీసుకోమంటారు, ఈఎంఐ పెట్టేస్తాను అన్నాడు. వాడి జీతం పదహారు వేలు. ఆ మెసేజ్ చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. మీరు రాసింది తప్పని నేను అనడం లేదు, కానీ అందులో అంతా బాడీల (లెన్సు లేని ఒట్టి కెమెరాల) గురించే ఉంది, లెన్సుల సంగతి దాదాపు లేదు, సెకండ్ హ్యాండ్ అన్న మాటే లేదు. మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకి ముందుగా తెలియాల్సింది ఆ రెండే అని నా అభిప్రాయం.

నేను బొబ్బిలి దగ్గర ఒక హైస్కూల్లో సైన్స్ చెప్తాను, ఆరేళ్లుగా సెలవుల్లో ఫోటోలు తీస్తున్నాను, పెళ్లిళ్లకి డబ్బులకి తీసే మనిషిని కాదు.

ఆ స్టూడెంట్‌కి వెంటనే ఏ కెమెరా పేరూ చెప్పలేదు. ఫోన్ తెచ్చి ఏడాదిగా తీసిన ఫోటోలు చూపించమన్నాను, ఇద్దరం కూచుని చూస్తే సగం పైగా వాళ్ల అక్క కూతురువే, ఇంట్లో, ట్యూబ్‌లైట్ కింద, అన్నం తింటూ, ఉయ్యాల్లో పడుకుని. మిగిలినవి సాయంత్రం నాగావళి ఒడ్డున తీసినవి. పక్షి ఒక్కటి లేదు, కొండ ఒక్కటి లేదు. మరి వాడు కొందామనుకున్న కిట్‌లో (బాడీ, లెన్సులు కలిపి అమ్మే సెట్టులో) ఏముందంటే 18-55 లెన్సు, దానితో పాటు 55-200 జూమ్ (ఈ ఎంఎం నంబరు పెరిగే కొద్దీ దూరంలోవి దగ్గరగా కనిపిస్తాయి). ఆ పెద్ద జూమ్ వాడికి దేనికి? వాడికి కావలసింది చీకటి గదిలో పనిచేసే చిన్న లెన్సు.

ఇక్కడ ఒక్క విషయం వివరంగా చెప్పాలి, ఇది అర్థం కాకపోతే ఎంత డబ్బు పెట్టినా ఫోటో ఫోన్ ఫోటోలాగే వస్తుంది. లెన్సు మీద ఎఫ్ అని ఒక నంబరు ఉంటుంది, అది చిన్నదయ్యే కొద్దీ కన్నం పెద్దది, లోపలికి వెలుతురు ఎక్కువ వస్తుంది. కెమెరాతో వచ్చే 18-55 ని 55 దాకా తిప్పితే ఎఫ్ 5.6 కి పడిపోతుంది. అదే 35 గానీ 50 గానీ జూమ్ లేని చిన్న లెన్సు అయితే ఎఫ్ 1.8 ఉంటుంది. 5.6 ని 1.8 తో భాగించి వర్గం చెయ్యండి, తొమ్మిదిన్నర పైన వస్తుంది, అంటే ఇంచుమించు పది రెట్ల వెలుతురు. తలుపులన్నీ మూసిన గదికీ, అన్నీ తీసిన గదికీ ఉన్నంత తేడా.

నాకిది విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను (కొసన పూజారిని కూచోబెట్టి ఊరేగించే పొడుగాటి మాను) దగ్గర తెలిసొచ్చింది. దసరా వెళ్లిన మంగళవారం, మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది, ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల అన్నీ వెళ్తాయి, చివరి తిరుగుడు వచ్చేసరికి వెలుతురు దిగిపోతుంది. నా చేతిలో కిట్ లెన్సు. మాను కొసన పూజారి గారు నా నెత్తి మీదుగా వెళ్తున్నారు, ఐఎస్ఓ (తక్కువ వెలుతురుకి కెమెరాని సిద్ధం చేసే నంబరు) 3200 పెట్టినా షట్టరు (వెలుతురు లోపలికి వచ్చే వ్యవధి) సెకనులో ముప్పయ్యో వంతు దగ్గర ఆగిపోయింది, కదిలే మాను, తోసే జనం, ఒక్కటంటే ఒక్క ఫోటో నిలవలేదు. ఎఫ్ 1.8 ఉండుంటే అదే వెలుతుర్లో మూడొందలో వంతు వచ్చేది. ఆ రాత్రి ఇంటికొచ్చి డిలీట్ చేస్తుంటే ఏడుపొచ్చింది నిజంగా, మళ్లీ ఏడాది ఆగాలి కదా.

ఆ ఏడుపులోనే ఇంకో తప్పు చేశాను. నాది నికాన్ డి3300, సెకండ్ హ్యాండ్. వేరే ఊళ్లో ఒక షాపుకి ఫోన్ చేసి 50 ఎంఎం 1.8 పంపమన్నాను, ఏ బాడీకో కూడా చెప్పాను, చవగ్గా ఉందని ఒకటి పంపారు. పెట్టగానే స్క్రీన్ మీద ఎఫ్ఈఈ అని వచ్చింది. తీరా చూస్తే దాని మీద 1.8 పక్కన డి అని ఉంది. ఆ రకం లెన్సులో ఫోకస్ మోటారు ఉండదు, మోటారు బాడీలో ఉండాలి, నికాన్ 3000, 5000 సిరీస్ బాడీల్లో అది లేదు, 7000 సిరీస్‌లో ఉంది. లెన్సు మీద కన్నం మార్చే రింగు 22 దగ్గర లాక్ చేస్తే ఎర్రర్ పోయింది గానీ ఆటోఫోకస్ మాత్రం రాలేదు. వెనక్కి తీసుకోమంటే సీల్ తీశారు కదా అన్నారు. రెండు నెలలు చేత్తో తిప్పుకుంటూ, వ్యూఫైండర్‌లో ఎడమ మూల ఆకుపచ్చ చుక్క వెలిగినప్పుడు నొక్కుతూ తీశాను. ఫోకస్ అంటే ఏమిటో దానివల్ల బాగా తెలిసిన మాట నిజం, కానీ అన్నం తింటూ తల తిప్పే పసిపిల్లని అలా తియ్యలేం. కాబట్టి నికాన్ పాత బాడీకి కొనేవాళ్లు లెన్సు మీద ఏఎఫ్-ఎస్ (మోటారు లెన్సులోనే ఉందని గుర్తు) అని ఉందో లేదో చూసుకోండి. కెనాన్‌లో ఈ గొడవ లేదు, 1987 నుంచి వచ్చిన ఈఎఫ్ లెన్సుల్లో మోటారు లెన్సులోనే ఉంటుంది.

ఇంక అసలు మాట. మన ఊళ్లలో పెళ్లి ఫోటోగ్రాఫర్లు చాలామంది మిర్రర్‌లెస్‌కి (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాలకి) మారిపోయారు. కెనాన్, నికాన్ రెండూ 2018లో వాటికి కొత్త మౌంట్లు (బాడీకి లెన్సు బిగించే అమరికలు) తెచ్చాక అద్దం ఉన్న పాత డీఎస్ఎల్ఆర్‌ల ధర బాగా పడిపోయింది. విజయనగరం గంటస్తంభం వైపు ఒక స్టూడియోకి పాస్‌పోర్టు ఫోటోకని వెళ్లాను, ఆయన బీరువా తీస్తే లోపల నాలుగు బాడీలు, ఏడెనిమిది లెన్సులు, తువ్వాలు కప్పి ఉన్నాయి. "ఇయన్నీ మూల పడిపోనాయి టీచరమ్మా, ఎవులూ అడగడం లేదు" అన్నాడాయన. ఆ కెమెరాలతో ఎన్ని ఇళ్ల పెళ్లిళ్లు ఆల్బమ్‌లయ్యాయో! 2014లో వచ్చిన డి3300కీ 24 మెగాపిక్సెళ్లే. 12 బై 18 అంగుళాల ప్రింటు నిక్షేపంగా వస్తుంది, ఇంట్లో గోడకి అంతకన్నా పెద్దది ఎవరు పెడతారు?

స్టూడియో కెమెరా అయితే కాస్త చూసి తీసుకోవాలి. ఒక్కో పెళ్లికి వేలల్లో క్లిక్కులు పడతాయి, చిన్న బాడీల షట్టర్లు లక్ష క్లిక్కుల లెక్కన టెస్ట్ చేస్తారు, అందుకని మెయిన్ కెమెరా కాకుండా అసిస్టెంటు పట్టుకునే రెండోది అడగండి. నికాన్ అయితే అప్పటికప్పుడు తీసిన జేపెగ్ ఫైల్లోనే ఎన్ని క్లిక్కులయ్యాయో ఉంటుంది. ఎఫ్ 16 పెట్టి ఆకాశాన్ని ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూడండి, సెన్సారు (లోపల బొమ్మ పడే చిప్పు) మీద దుమ్ముంటే నల్ల చుక్కలు కనిపిస్తాయి, అది తుడిపించుకుంటే పోతుంది. లెన్సుది వేరే సంగతి. రెండు మూతలూ తీసి వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, కాస్త ఏటవాలుగా పట్టుకుని ముందు నుంచి చూడండి. నేను చూసిన ఒక 50 లో అంచు నుంచి మధ్యకి సాలెపట్టు దారాల్లాంటి సన్నటి తెల్ల గీతలు పాకి ఉన్నాయి, మామూలు వెలుతుర్లో అద్దం తళతళలాడుతోంది, టార్చి వేస్తేనే బయటపడింది. అది ఫంగస్. ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు, మిగతా లెన్సుల పక్కన కూడా పెట్టొద్దు.

మనది సముద్రం పక్క జిల్లా, తేమ ఎక్కువ, కొన్న తర్వాత కూడా ఈ బెడద ఉంటుంది. నేను గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెడతాను, నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే మూకుట్లో సన్న సెగ మీద వేడి చేస్తే మళ్లీ నీలం అవుతాయి. తోలు బ్యాగులో మాత్రం దాచొద్దు. కళింగపట్నం బీచికి వెళ్తే ఇసకలో నిలబడి లెన్సు మార్చొద్దు, ఇంటికొచ్చాక కొద్దిగా తడిపిన గుడ్డతో బాడీ తుడిచి ఆరబెట్టండి, ఉప్పు తినేస్తుంది.

తేలినీలాపురం వెళ్లి పెలికాన్, పెయింటెడ్ స్టార్క్ పక్షుల్ని తీద్దామనుకునేవాళ్లకి నేను చెప్పిన చిన్న లెన్సు పనికిరాదు, వాళ్లకి 55-250 గానీ 70-300 గానీ కావాలి, అవీ పాతవి దొరుకుతాయి. పగటి వెలుతురు కాబట్టి 5.6 అయినా ఇబ్బంది లేదు. ఏ లెన్సు కొనాలో మీరు తీసే బొమ్మే చెప్తుంది, బాడీ సంగతి తర్వాత. పాత లెన్సులు వృథా పోతాయన్న భయం కూడా అక్కర్లేదు, రేపు మిర్రర్‌లెస్ కొన్నా మధ్యలో అడాప్టరు (రెంటినీ కలిపే రింగు) పెట్టి వాడుకోవచ్చు, నికాన్ వాళ్ల సొంత అడాప్టరుతో మాత్రం ఆ డి రకానికి అక్కడా ఆటోఫోకస్ రాదు.

మా వాడికి చివరికి 50 కాదు, 35 ఎంఎం 1.8 చెప్పాను. ఈ చిన్న సెన్సారు బాడీల మీద 50 పెడితే 75 లాగా దగ్గరికి లాగేస్తుంది, పది బై పది గదిలో గోడకి ఆనుకున్నా పిల్ల మొహం తప్ప ఏమీ పట్టదు. స్టూడియో ఆయనే బాడీ, లెన్సు కలిపి ఇరవై రెండు వేలకి ఇస్తానన్నాడు, వాడు రెండు దఫాల్లో కడతానంటే ఒప్పుకున్నాడు. వడ్డీ లేదు.

మీకు నా విన్నపం ఒకటే. జిల్లా పేజీలో వారానికి నాలుగు లైన్ల చోటు ఇలాంటి పాత కెమెరాలకి ఇవ్వండి, ఏ ఊళ్లో, ఏ బాడీ, ఏ లెన్సు, ఎన్ని క్లిక్కులు, అంతే. స్టూడియోల వాళ్లకి బీరువా ఖాళీ అవుతుంది, దసరా లోపు వేస్తే సిరిమాను నాటికి ఇంకో పదిమంది పిల్లల చేతుల్లో కెమెరాలుంటాయి.

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్,
బొబ్బిలి మండలం, విజయనగరం జిల్లా