రచయితకు మైకు ఎనిమిదింటికా?

సంపాదకులకు నమస్కారం.

ఉమ్మడి చిత్తూరు జిల్లా చెరువుల మీద వచ్చిన కొత్త పుస్తకం గురించి తిరుపతిలో ‘రచయితతో ముఖాముఖి’ జరిగిందని పది రోజుల కింద మీ పత్రికలో వార్త వేశారు. వేదిక మీది పదకొండు మంది పేర్లూ హోదాలూ ఉన్నాయి. పుస్తకంలో ఏముందో ఒక్క వాక్యం లేదు. మీ విలేకరిని అనడానికీ లేదు. ఆ సభలో పుస్తకం గురించి మాట్లాడిందెవరు?

నేను అక్కడే ఉన్నాను. అయిదింటికన్నది ఆరుంబావుకు మొదలైంది. ఒక్కొక్కరికీ శాలువా, మెమెంటో, ఫొటో. ‘ఇంకా పూర్తిగా చదవలేదు’ అంటూనే ఒక్కొక్కరు పావుగంట మాట్లాడారు. అధికారులు సన్మానం కాగానే వెళ్లిపోయారు. ఊరూరా కట్టలెక్కి, పాత రికార్డులు వెతికి రాసిన మనిషికి మైకు అందేసరికి ఎనిమిది దాటింది. పది నిమిషాలకే చీటీ పంపారు. ముఖాముఖి అని పిలిచి ఒక్క ప్రశ్న కూడా అడగనివ్వలేదు.

కథో కవితో అయితే ఇంట్లో చదువుకుంటే చాలు. ఇలాంటి పుస్తకం రాసినాయన్ని మాత్రం ఈ లెక్క ఎక్కడిది, ఈ మాట ఎవరు చెప్పారు అని నలుగురిలో అడగాలి. పొరపాటుంటే ఆ ఊరివాళ్లే లేచి చెబుతారు.

మా అత్తగారి ఊరు రాయలచెరువు కిందే. 2021 నవంబరులో కట్ట లీకై ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు వాళ్లంతా మా ఇంట్లోనే ఉన్నారు. ఆ రాత్రుల టెన్షన్ ఇప్పటికీ పోలేదు. పూర్వం తూము తెరవడానికి, మూయడానికి ఊరికో నీరుగంటి ఉండేవాడు. చెరువుల మరమ్మతుకని ఇచ్చిన దశబంధం ఇనాం భూములు ఉండేవి. ఆ భూములు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయి? ఆ పని ఇప్పుడు ఎవరు చూడాలి? ఇవి అడుగుదామనే కాగితం మీద రాసుకుని వెళ్లాను. అలాగే జేబులో పెట్టుకుని తిరిగొచ్చాను.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మా పేటలో లైబ్రరీకి వెళ్లి ఈ పుస్తకం అడిగితే, కొత్తవి వచ్చి చాలా రోజులైందన్నారు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేస్తారు. ఆ ఏడు రోజుల్లో ఒక్క సాయంత్రం రెండు కుర్చీలు వేసి, పుస్తకం చదివిన ఒకరిని పక్కన కూర్చోబెట్టి రచయిత చేత మాట్లాడించలేరా? దానికి శాలువాలు అక్కర్లేదు, ముఖ్య అతిథీ అక్కర్లేదు.

ఈలోగా మీరైనా ఆయన్ని కలిసి ఆదివారం పేజీలో ఇంటర్వ్యూ వేయండి. నా ప్రశ్నలు పైనే ఉన్నాయి. మొదట అవి అడగండి.

– ఒక రిటైర్డ్ టీచర్, తిరుపతి